45 మంది పిల్లలు, రెండు త్రీడీ ప్రింటర్లు, ఒక లేజర్ కట్టర్: స్కూల్ మేకర్‌స్పేస్‌లో క్లాసు ఎలా నడపాలి?

ఫిజిక్స్ టీచర్, ఉప్పల్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా స్కూల్లో ఈ ఏడాది మేకర్‌స్పేస్, అంటే పిల్లలు యంత్రాలతో సొంతంగా వస్తువులు చేసే గది, మొదలవుతోంది. 8, 9 తరగతులు నాకు అప్పగించారు. సెక్షన్‌కి 45 మంది, వారానికి ఒక డబుల్ పీరియడ్, అంటే 80 నిమిషాలు. నాతోపాటు ల్యాబ్ అసిస్టెంట్ ఒకరు ఉంటారు.

గది రెండో అంతస్తులో ఉంది, రెండు వైపులా కిటికీలు, నాలుగు సీలింగ్ ఫ్యాన్లు. వచ్చిన సామాను ఇదీ: 220 మి.మీ. బెడ్ ఉన్న ఓపెన్ ఫ్రేమ్ త్రీడీ ప్రింటర్లు రెండు, 400×300 మి.మీ. బెడ్‌తో 50 వాట్ల సీఓటూ లేజర్ కట్టర్ ఒకటి, చిన్న వినైల్ కట్టర్ ఒకటి, డెస్క్‌టాప్ కంప్యూటర్లు 12. లేజర్‌తో పాటు సీడబ్ల్యూ 3000 అని రాసి ఉన్న నీళ్ల కూలర్ ఇచ్చారు.

సప్లయర్ ట్రైనింగ్‌లో ఒక కీచైన్ ప్రింట్ చేసి చూపించి వెళ్లిపోయారు. 45 మందిలో ప్రతి ఒక్కరి చేతికీ పని దొరకాలంటే ఏ వరుసలో నేర్పాలి? లేజర్ దగ్గర పిల్లల్ని నిలబెట్టే ముందు ఏమేం చూసుకోవాలి? మన ఎండలకీ వానలకీ ఈ యంత్రాలకి ఏమవుతుంది? షీట్లు ఏవి కొనాలి, ఏవి కొనకూడదు? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పండి, కొలతలతో సహా చెబితే ఇంకా మేలు.

ల్యాబ్ ఇన్‌చార్జ్, కూకట్‌పల్లి

మేడమ్, ముందు ఒక లెక్క వేసుకోండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. త్రీడీ ప్రింటర్ మీద చిన్న కీచైన్‌కి 40 నిమిషాలు అనుకుందాం. 45 మందికి 1800 నిమిషాలు, అంటే 30 గంటలు. రెండు ప్రింటర్లూ ఎక్కడా ఆగకపోయినా 15 గంటలు. మీకున్నది గంటా ఇరవై నిమిషాలు. అదే లేజర్ మీద 60×60 మి.మీ. ముక్కకి లోపలి గాట్లతో కలిపి 400 మి.మీ. గీత ఉంటుందనుకుంటే, సెకనుకి 10 మి.మీ. వేగంతో 40 సెకన్లలో తెగుతుంది. ముక్కకీ ముక్కకీ మధ్య 3 మి.మీ. వదిలినా మీ బెడ్ మీద అడ్డంగా 6, నిలువుగా 4, మొత్తం 24 పడతాయి. షీటుకి 16 నిమిషాలు, రెండు షీట్లతో సెక్షన్ మొత్తం అయిపోతుంది. అందుకని క్లాసంతటికీ లేజర్ పెట్టుకోండి. ప్రింటర్‌ని నలుగురేసి జట్లకి, జట్టుకి ఒక్క భాగం చొప్పున వాడండి.

రెండోది, కీచైన్‌తో మొదలుపెట్టకండి. స్కూళ్లలో ఫ్యాబ్‌ల్యాబ్‌ల (ఇలాంటి తయారీ గదుల) మీద పనిచేసిన విద్యా పరిశోధకుడు పావులో బ్లిక్‌స్టైన్ దీన్ని కీచైన్ సిండ్రోమ్ అన్నారు. మొదటి వస్తువు అంత తేలిగ్గా, అంత అందంగా వచ్చేస్తే పిల్లలు అక్కడే ఆగిపోతారు, కష్టమైన దానికి చెయ్యి పెట్టరు. కీచైన్ కొలత తప్పినా అది కీచైనే. కొలత తప్పితే పనిచేయని వస్తువు కావాలి మనకి.

మొదటి వారం యంత్రాలన్నీ ఆపేసి మూడు పొరల అట్ట, స్టీల్ స్కేలు, డిజిటల్ వెర్నియర్ కాలిపర్ ఇవ్వండి. రెండు ముక్కలకి గాట్లు పెట్టి ఒకదాంట్లో ఒకటి దూర్చి నిలబెట్టాలి. అట్ట మందం ఎంతో కొలవకుండా గాటు కోస్తే వదులవుతుంది, లేదా చిరుగుతుంది. ఆ విషయం చేతికి తెలిశాక లేజర్ దగ్గరికి తీసుకెళ్లండి.

రెండో వారం దువ్వెన. 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసే పలక) ముక్కకి ఒక అంచున 2.6 నుంచి 3.1 వరకు 0.1 తేడాతో ఆరు గాట్లు, ప్రతి గాటు పక్కన దాని కొలత. లేజర్ కిరణం తనకంటూ కొంత వెడల్పు కాల్చేస్తుంది, ఎండీఎఫ్‌లో అది 0.15 నుంచి 0.2 మి.మీ. దాకా ఉంటుంది. దాన్నే కెర్ఫ్ అంటారు. షీటు మందం నిజంగా 2.9, కెర్ఫ్ 0.2 అయితే గాటుని 2.7గా గీయాలి. దుకాణంలో 3 అని చెప్పిన షీటు 2.7 ఉండొచ్చు, 3.1 ఉండొచ్చు. అందుకే షీటు మారినప్పుడల్లా దువ్వెన మళ్లీ కోయాలి. కెర్ఫ్‌ని కచ్చితంగా పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది: 100 మి.మీ. పొడవుని పది సమభాగాలుగా గీసి, రెండు చివరలూ కలిపి 11 గీతలూ కోసి, పది ముక్కల్నీ దగ్గరికి జరిపి మొత్తం కొలవాలి. 98.2 వస్తే కెర్ఫ్ 0.18. చిన్న తేడాని పది రెట్లు చేసి కొలవడం అన్నమాట, 9వ తరగతి పిల్లలకి ఇది మంచి ఫిజిక్స్ పాఠం కూడా.

ఆ తర్వాత అసలు వస్తువు. ఫిజిక్స్ టీచర్ కాబట్టి మీకు లెన్స్ స్టాండు సూచిస్తాను. పదో తరగతి ప్రయోగాలకి కూడా పనికొస్తుంది. మీ ల్యాబ్‌లో ఉన్న 50 మి.మీ. కుంభాకార కటకాన్ని మూడు పలకల మధ్య బిగించాలి. నడిమి పలకకి కటకం పట్టేంత రంధ్రం, ముందూ వెనకా పలకలకి 46 మి.మీ. రంధ్రం. కటకాన్ని ముందు కొలవమనండి, 50 అని చెప్పినవి 49.4 కూడా ఉంటాయి. పలక 80×140, రంధ్రం కేంద్రం అడుగు పలక నుంచి 100 మి.మీ. ఎత్తులో. నాలుగు మూలలా ఎం3 (3 మి.మీ.) బోల్టులు. మూడు పలకల కింది నాలుకలూ కలిసి 100×100 అడుగు పలకలోని ఒకే గాటులో దిగాలి.

ఇక్కడే పిల్లలు తడబడతారు, అదే మనకి కావాల్సింది కూడా. మూడు పలకలు కదా అని 9 మి.మీ. గాటు గీస్తారు. షీటు 2.9 అయితే మూడూ కలిపి 8.7. కెర్ఫ్‌ని మాత్రం ఒక్కసారే తీసేయాలి, ఎందుకంటే గాటు ఒక్కటే. 8.7 లోంచి 0.2 పోతే 8.5. తొమ్మిది గీసినవాళ్ల స్టాండు అర మిల్లీమీటరు వదులై వెనక్కి వాలుతుంది, తెర మీద ప్రతిబింబం ఒక పక్క స్పష్టంగా, ఇంకో పక్క మసకగా వస్తుంది. ఎక్కడ పొరపాటో వస్తువే చూపిస్తుంది, మీరు చెప్పక్కర్లేదు. 10 సెం.మీ. నాభ్యంతరం ఉన్న కటకానికి వస్తువుని 20 సెం.మీ.లో పెడితే ప్రతిబింబం కూడా 20లో రావాలి. వస్తువుగా కొవ్వొత్తి వద్దు, ఎండీఎఫ్ పక్కన మంట ఎందుకు? అట్టలో ఒక పక్కకే రెక్క ఉన్న బాణం కోసి, వెనక ఎల్‌ఈడీ టార్చి పెట్టండి. తలకిందులవడం, కుడి ఎడమలు మారడం రెండూ కనిపిస్తాయి.

జట్టుకి సగం షీటు, అంటే 400×150 చాలు. మొత్తం గీత సుమారు 2300 మి.మీ., నాలుగు నిమిషాల కోత. 11 జట్లకి ఆరు షీట్లు, ముప్పావు గంట.

క్లాసులో 15 మందేసి మూడు గుంపులు చేయండి. ఒక గుంపు కొలతలు, అట్ట నమూనా. ఒక గుంపు కంప్యూటర్ల దగ్గర ఇద్దరికొకటి చొప్పున ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో. ఒక గుంపు కోత, బిగింపు. లేజర్ దగ్గర ఒకేసారి నలుగురికి మించి వద్దు, అసిస్టెంట్ అక్కడి నుంచి కదలకూడదు. అసిస్టెంట్ రాని రోజు లేజర్ ఆన్ చేయకండి, ఫైళ్లు మాత్రం తీసుకోండి. ఫైలు పేరు తరగతి, జట్టు, మందం వరుసలో ఉండాలని మొదటి రోజే చెప్పండి, లేదంటే పెన్‌డ్రైవ్ నిండా డ్రాయింగ్1, డ్రాయింగ్1 కొత్తది, డ్రాయింగ్1 ఫైనల్ అని ఉంటాయి.

కోసిన మొదటి స్టాండుకి మార్కులు వేయకండి. రెండోసారి ఏ కొలత మార్చారు, ఎందుకు మార్చారు అని నోట్‌బుక్‌లో రాసినదానికి వేయండి.

లేజర్ సర్వీస్, బాలానగర్

పాఠం సంగతి పైన సార్ చెప్పారు. నేను యంత్రం గురించి చెబుతాను.

అన్నిటికన్నా ముందు ఎర్తింగ్. లేజర్ కిరణం పుట్టే ట్యూబుకి 20 వేల వోల్టుల దరిదాపుల్లో వెళ్తుంది. ప్లగ్గులో మూడో పిన్ను ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, లోడు ఉన్నప్పుడు ఎర్త్‌కి న్యూట్రల్‌కి మధ్య వోల్టేజ్ చూడమనండి. 3 వోల్టులు దాటితే సరిచేయించాకే స్విచ్చి వేయండి.

తర్వాత మూత స్విచ్చి. మూత తెరిస్తే కిరణం ఆగాలి. చవక యంత్రాల్లో కొన్నిటికి ఈ స్విచ్చే ఉండదు. పిల్లలు లేనప్పుడు, 10.6 మైక్రాన్లకి సరిపడే గాగుల్స్ పెట్టుకుని, మూత తెరిచి ప్యానెల్ మీది టెస్ట్ బటన్ నొక్కండి. మిల్లీఆంపియర్ మీటర్ ముల్లు కదలకూడదు. కదిలిందంటే సప్లయర్ వచ్చి స్విచ్చి పెట్టేదాకా క్లాసులో వాడకండి. నీళ్లు ఆగితే లేజర్ ఆగే ఫ్లో స్విచ్చి కూడా ఉండాలి.

పొగగొట్టం ఆరు అంగుళాలది వేయించి కిటికీ బయటికి తీయండి. బ్లోయర్‌ని యంత్రం దగ్గర కాకుండా గొట్టం బయటి చివర బిగించండి. అప్పుడు మధ్యలో ఎక్కడ సందున్నా గాలి లోపలికి లాగుతుంది, పొగ గదిలోకి రాదు. ఎండీఎఫ్ జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, ఆ పొగ పిల్లలు పీల్చకూడదు. కోత అయ్యాక కూడా అర నిమిషం ఆగి మూత తీయండి.

కూలర్ విషయం. సీడబ్ల్యూ 3000 నీళ్లని చల్లబరచదు. అందులో కంప్రెసర్ లేదు, ఫ్యానూ రేడియేటరూ మాత్రమే. గది 38 డిగ్రీలుంటే నీళ్లు అంతకన్నా ఎక్కువే ఉంటాయి. ట్యూబుకి 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటితే పవర్ పడిపోతుంది, నిన్న తెగిన షీటు ఈరోజు తెగదు, పిల్లలు పవర్ పెంచుతారు, ట్యూబు ఇంకా తొందరగా పాడవుతుంది. మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా నడపాలనుంటే కంప్రెసర్ ఉన్న సీడబ్ల్యూ 5000 అడగండి. అప్పటిదాకా మొదటి పీరియడ్‌లోనే కోత పెట్టుకోండి. వానాకాలంలో దీనికి రివర్స్: కంప్రెసర్ చిల్లర్‌ని 18లో పెడితే తేమ గాలి ట్యూబు మీద నీటి బొట్లు కడుతుంది, హై వోల్టేజ్ దగ్గర స్పార్క్ వస్తుంది. జూలై, ఆగస్టుల్లో 24, 25లో ఉంచండి.

నీళ్లు డిస్టిల్డ్ వాటరే, బ్యాటరీ దుకాణాల్లో దొరుకుతుంది. బోరు నీళ్లు పోస్తే సున్నం పేరుకుంటుంది. కరెంటుని ట్యూబు రేటింగులో 70 శాతం దాటనివ్వకండి.

ఇక ఏవి కోయకూడదో. పీవీసీ ఏ రూపంలో ఉన్నా లేజర్ కింద పెట్టకండి. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం, యంత్రంలో పట్టాలకీ లెన్సుకీ తుప్పు. చిక్కేంటంటే దుకాణంలో దాన్ని పీవీసీ అని చెప్పి అమ్మరు. ప్రాజెక్టుల కోసం పిల్లలు కొనే సన్‌బోర్డు, ఫోమ్ షీటు చాలావరకు పీవీసీయే. రెక్సిన్, ఫ్లెక్స్ బ్యానర్ కూడా అంతే. వినైల్ కట్టర్ రోల్ కూడా పీవీసీయే, బ్లేడుతో కోస్తే ఫర్వాలేదు, లేజర్‌తో వద్దు. అనుమానం ఉంటే రాగి తీగ పరీక్ష చేయండి: తీగని మంటలో ఎర్రగా కాల్చి, షీటు అంచుకి ఆనించి, మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టే. ఇది పెద్దవాళ్లు ఆరుబయట చేయాలి, పిల్లల చేత వద్దు. పాలికార్బొనేట్ తెగదు, నల్లగా మాడుతుంది. థర్మోకోల్ కరిగి అంటుకుంటుంది.

3 మి.మీ. ఎండీఎఫ్, 3 మి.మీ. కాస్ట్ యాక్రిలిక్, అట్ట, ఈ మూడూ చాలు. చవక ప్లైవుడ్ వద్దు, లోపల పొరల్లో ఖాళీలు, జిగురు ముద్దలు ఉంటాయి, అక్కడ కిరణం దిగదు. ఎండీఎఫ్ 8×4 అడుగుల షీటు కొని, దుకాణంలోనే 400×300గా కోయించండి. ఒక షీటుకి 24 ముక్కలు వస్తాయి. పరిచి పేర్చండి, గోడకి నిలబెడితే వంగుతాయి. వంగిన షీటు మీద ఫోకస్ మధ్యలో ఒకలా, అంచున ఒకలా ఉంటుంది, సగం తెగి సగం తెగదు. అలాంటప్పుడు పవర్ పెంచడం పరిష్కారం కాదు, మూలల్లో బరువో అయస్కాంతమో పెట్టి షీటుని చదును చేయండి.

లేజర్ నడుస్తుంటే ఎవరూ పక్కకి వెళ్లకూడదు. అట్ట కోసేటప్పుడు ఎయిర్ అసిస్ట్ (కోసే చోట గాలి ఊదే పంపు) లేకపోతే మంట లేస్తుంది. పక్కనే అగ్నిమాపక సిలిండర్ పెట్టుకోండి, మామూలు ఏబీసీ పౌడర్‌ది అయినా సరే.

సేఫ్టీ ఆఫీసర్, మల్కాజిగిరి

చివరి మాట దగ్గర ఒక్క సవరణ. ఏబీసీ పౌడర్ మంట ఆర్పుతుంది, నిజమే. కానీ ఆ పొడి అద్దాలూ బేరింగులూ అన్నిట్లోకీ వెళ్లి యంత్రం మళ్లీ పనికిరాకుండా చేస్తుంది. ఆ భయంతోనే చాలామంది సిలిండర్ లాగడానికి వెనకాడతారు, ఈలోపు మంట పెద్దదవుతుంది. లేజర్ పక్కన 2 కిలోల సీఓటూ సిలిండర్, ఒక ఫైర్ బ్లాంకెట్ పెట్టండి. ఏబీసీది తలుపు దగ్గర ఉంచండి. చిన్న మంట అయితే వరుస ఇదీ: ఎమర్జెన్సీ స్టాప్, మూత మూసే ఉంచడం, ఎయిర్ పంపు ఆపడం. మూత తీస్తే గాలి తగిలి మంట ఎగుస్తుంది. అప్పటికీ ఆరకపోతేనే సిలిండర్. ఈ వరుసని అసిస్టెంట్ చేత, యంత్రం ఆపి ఉన్నప్పుడు, ఒకసారి చేయించి చూడండి.

పిల్లల దగ్గర ముఖ్యంగా చూడాల్సినవి జడలూ చున్నీలూ. జడ పైకి కట్టుకోవాలి, చున్నీ తీసి తగిలించడానికి తలుపు దగ్గర కొక్కేలు పెట్టండి. ప్రింటర్ బెల్టుల్లో చిక్కుకునేవి ఇవే.

ప్రింట్ రూమ్, తార్నాక

ఇన్‌చార్జ్ సార్ చెప్పిన వరుస బాగుంది, ఒక్కటి తప్ప. మొదటి వారం యంత్రాలన్నీ ఆపేయడం నాకు నచ్చలేదు. కొత్త గదిలోకి వచ్చిన పిల్లల ముందు ప్రింటర్‌కి ముసుగు వేసి ఉంచితే వాళ్ల ధ్యాసంతా ఆ ముసుగు మీదే ఉంటుంది. ఒక మూల ప్రింటర్ నడుస్తూ ఉండనివ్వండి. జట్లకి కావాల్సిన మందం గేజ్ లాంటిది అందులో తయారవుతుండాలి. వాళ్లు పొర మీద పొర పడటం చూస్తారు, ఎంత నిదానంగా నడుస్తుందో చూస్తారు. గంట పట్టే ప్రింటు అంటే ఏమిటో అప్పుడే అర్థమవుతుంది.

మీ గదిలో నాలుగు సీలింగ్ ఫ్యాన్లు అన్నారు. ఓపెన్ ఫ్రేమ్ ప్రింటర్‌కి అసలు సమస్య అదే. ఫ్యాను గాలి సూటిగా తగిలితే ప్రింటు మూలలు బెడ్ నుంచి లేస్తాయి. ప్రింటర్లని ఫ్యాన్ల కింద నుంచి జరిపి గోడ వారగా పెట్టండి, మూడు వైపులా అట్టతో అడ్డు కట్టినా చాలు, పైన మాత్రం తెరిచి ఉంచండి. రెండో శత్రువు వేలిముద్రలు. తలకి రాసుకున్న కొబ్బరినూనె చేతికంటి, చేతి నుంచి బెడ్‌కంటితే అక్కడ మొదటి పొర అతకదు. ప్రతి ప్రింటుకి ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, బెడ్ చల్లారాకే తుడవాలి.

ప్రింటర్‌కి పెట్టే ప్లాస్టిక్ తీగ (ఫిలమెంట్) పీఎల్‌ఏ రకం ఒక్కటే వాడండి. నాజిల్ 205, బెడ్ 60, పొర 0.2 లేదా 0.28, గోడలు రెండు, ఇన్‌ఫిల్ (లోపల నింపే ప్లాస్టిక్) 15 శాతం. ఏబీఎస్ వద్దు, స్టైరీన్ వాసన తరగతి గదిలో భరించలేం. రెజిన్ ప్రింటర్ ఎవరైనా విరాళంగా ఇస్తామన్నా స్కూలుకి తీసుకోకండి, గట్టిపడని రెజిన్ చర్మానికి తగిలితే ఎలర్జీ తెస్తుంది.

జట్టుకి పరిమితి పెట్టండి: 25 గ్రాములు, 60 నిమిషాలు, ఏది ముందైతే అది. స్లైసర్‌లో (మోడల్‌ని పొరలుగా విడగొట్టే సాఫ్ట్‌వేర్) ఆ అంకె చూసి మోడల్‌ని తగ్గించుకోవడం పిల్లలే చేయాలి. 11 జట్లు, రెండు ప్రింటర్లు, ఆరు గంటలు, మధ్యలో మార్చే సమయంతో కలిపి ఒక స్కూలు రోజులో అయిపోతుంది. లెన్స్ స్టాండుకి ప్రింట్ చేయదగ్గది టార్చిని సరిగ్గా 100 మి.మీ. ఎత్తులో పట్టే కప్పు. టింకర్‌క్యాడ్ అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గొట్టం, దిమ్మె కలిపితే చాలు. ప్రింట్ చేసిన రంధ్రం గీసిన దానికన్నా 0.2 నుంచి 0.4 మి.మీ. చిన్నగా వస్తుంది, లేజర్‌లో పెద్దగా వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఎందుకో అడగండి.

జూన్ చివరి నుంచి ఫిలమెంట్ తేమ పీల్చుకుంటుంది. నాజిల్ దగ్గర చిటపట చప్పుడు, ముక్కల మధ్య వెంట్రుకల్లాంటి దారాలు, చుట్ట నుంచి లాగితే పుటుక్కున విరగడం, ఇవి గుర్తులు. గట్టి మూత డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. తడిసినదాన్ని ఫిలమెంట్ డ్రైయర్‌లో 45, 50 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఆరబెట్టాలి. ఇంటి ఓవెన్ వద్దు, అది 70 దాకా పోతుంది, పీఎల్‌ఏ 60కే మెత్తబడి చుట్టంతా అతుక్కుపోతుంది. అదే కారణంతో పూర్తయిన వస్తువుల్ని మే నెలలో కిటికీ గట్టు మీద పెట్టకండి, ఎండకి వంగిపోతాయి.

కరెంటు పోతే ప్రింటర్ ఆగిన చోట నుంచి మొదలుపెడుతుంది గానీ, బెడ్ చల్లారితే వస్తువు ఊడుతుంది. రెండు ప్రింటర్లకి 1 కేవీఏ యూపీఎస్ పెట్టించండి. రెండిటినీ ఒకేసారి వేడెక్కించకండి, పది నిమిషాల తేడాతో మొదలుపెట్టండి.

ఫిజిక్స్ టీచర్, ఉప్పల్

అందరికీ ధన్యవాదాలు. మూత స్విచ్చి, ఎర్తింగ్ రెండూ ఈ వారమే చూపిస్తున్నాను. ఇంకో రెండు సందేహాలు. మా సోషల్ మేడమ్ 8వ తరగతి కోసం తెలంగాణ జిల్లాల పజిల్ అడుగుతున్నారు. తెలుగు సార్ ఏమో పిల్లల పేర్లు తెలుగులో కోయించమంటున్నారు. ఇంక్‌స్కేప్‌లో తెలుగు పేరు టైప్ చేసి అట్ట మీద కోస్తే అక్షరాల మధ్యలో అడ్డగీతలు తెగాయి, లోపలి గుండ్రాలు రాలిపోయాయి. ఎలా సరిచేయాలి? సామాను హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి.

సామాను సంగతులు, రాణిగంజ్

ఎల్‌ఈడీలు, స్విచ్చులు, బ్యాటరీ హోల్డర్లు, వైర్లకి కోఠీ గుజరాతీ గల్లీ. ఎం3 బోల్టులు, బేరింగులు, బ్లోయర్, పొగగొట్టం రాణిగంజ్‌లో. వెళ్లేటప్పుడు కాలిపర్ వెంట తీసుకెళ్లండి, ఎండీఎఫ్‌ని దుకాణంలోనే నాలుగు మూలలా కొలిచి తీసుకోండి, నాలుగూ 0.1 లోపు ఉండాలి. బ్యాటరీలు ఏఏ సైజువే కొనండి, విడి లిథియం సెల్స్ పిల్లలకి ఇవ్వకండి. పెద్ద యంత్రాలు చూపించాలంటే రాయదుర్గంలో తెలంగాణ ప్రభుత్వ ప్రోటోటైప్ కేంద్రం టీ-వర్క్స్ ఉంది, 2023 మార్చిలో ప్రారంభమైంది. స్కూలు లెటర్‌హెడ్ మీద ముందుగా రాసి అడగండి.

డిజైన్ టీచర్, సికింద్రాబాద్

మేడమ్, ఈ రెండు పనుల్లోనూ తప్పు ఎక్కడ జరుగుతుందో చెబుతాను.

పేర్ల విషయం. ఫాంట్‌లో తలకట్టు, గుడి, కొమ్ము అనేవి అక్షరం మీద విడిగా అతికించిన ఆకారాలు. స్క్రీన్ మీద నల్లగా నింపి ఉంటుంది కాబట్టి ఒకటిగా కనిపిస్తాయి. లేజర్ మాత్రం ప్రతి ఆకారం అంచునీ కోస్తుంది, అందుకే అడ్డగీతలు. టైప్ చేశాక పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కండి, తర్వాత అన్‌గ్రూప్, తర్వాత అన్నిటినీ ఎంచుకుని పాత్ మెనూలోనే యూనియన్. ఆ తర్వాత వ్యూ మెనూలో ఔట్‌లైన్ మోడ్ పెట్టి చూడండి. ఏ గీతా ఇంకో గీతని దాటకూడదు. కోసే ముందు ప్రతి జట్టూ ఇది చూపించాలని నియమం పెట్టండి. రామభద్ర లాంటి లావు యూనికోడ్ ఫాంట్ తీసుకోండి, సన్న ఫాంట్లలో కాడలు కాలిపోతాయి. డీటీపీ షాపులో యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో కొట్టించిన పేరు తెచ్చి పేస్ట్ చేస్తే ఏవో గుర్తులు వస్తాయి, మళ్లీ టైప్ చేయడమే మార్గం.

గుండ్రాలు రాలడం స్టెన్సిల్ సమస్య. మన అక్షరాల్లో మూసుకున్న గుండ్రాలు ఎక్కువ. సున్న, ర, ఠ, ఇలా ఏది కోసినా లోపలి ముక్కకి ఆధారం ఉండదు. ప్రతి గుండ్రానికీ రెండు చోట్ల వంతెన వదలాలి, అట్టలో 1.5 మి.మీ., ఎండీఎఫ్‌లో 2 మి.మీ. సన్నటి దీర్ఘచతురస్రాన్ని అక్షరం మీద పెట్టి డిఫరెన్స్ కొడితే వంతెన తయారు. పై నుంచి కిందికి నిలువుగా పెడితే అక్షరం పోలిక చెడదు, అడ్డంగా పెడితే ర చూడటానికి ఠ లాగా అనిపించే ప్రమాదం ఉంది.

స్టెన్సిల్ కాకుండా పేరునే బోర్డులా కోయాలంటే చిక్కు తిరగబడుతుంది, ఇప్పుడు విడిపోయేవి ఒత్తులు. అప్పన్న అని కోస్తే రెండు ఒత్తులూ విడి ముక్కలైపోతాయి. పేరు కింద 6 మి.మీ. పట్టీ గీసి, ఒత్తులు దాన్ని తాకేలా పైకి జరిపి యూనియన్ చేయండి. పేరు చెక్కడమైతే ఇవేమీ అక్కర్లేదు గానీ సమయం తింటుంది. 50×20 మి.మీ. పేరుని 0.1 మి.మీ. దూరంతో చెక్కితే 200 గీతలు, నిమిషం పైనే. సెక్షన్‌కి గంట. దానికి బదులు తక్కువ పవర్‌తో అంచు గీత మాత్రం గీయిస్తే పేరుకి 15 సెకన్లు.

జిల్లాల పజిల్‌లో సరిహద్దుల దగ్గర జాగ్రత్త. 33 జిల్లాలనీ 33 మూసిన ఆకారాలుగా గీస్తే, పక్కపక్క జిల్లాల మధ్య గీత రెండుసార్లు ఉంటుంది. లేజర్ రెండుసార్లూ కోస్తుంది, గాటు వెడల్పై ముక్కలు వదులవుతాయి, సమయం దాదాపు రెట్టింపు. ఉమ్మడి గీతల్లో ఒకదాన్ని తీసేయాలి. లేజర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఆర్‌డీవర్క్స్‌లో డూప్లికేట్ గీతలు తీసేసే ఆప్షన్ ఉంది గానీ, రెండు గీతలూ అచ్చంగా ఒకదాని మీద ఒకటి ఉంటేనే అది పట్టుకుంటుంది. చేత్తో గీసిన మ్యాపు అయితే పట్టుకోదు. సరిహద్దుల్లో బిందువులు కూడా తగ్గించండి, పాత్ మెనూలో సింప్లిఫై ఒకసారి చాలు. ఎక్కువసార్లు నొక్కితే జిల్లా ఆకారమే మారుతుంది.

ఇంకొకటి, సైజు. రాష్ట్రం పై నుంచి కిందికి సుమారు 450 కి.మీ. మీ బెడ్ ఎత్తు 300 మి.మీ. ఆ స్కేలులో 217 చదరపు కి.మీ. హైదరాబాద్ జిల్లా 10 మి.మీ. ముక్క అవుతుంది, తెగగానే కింద తేనెపట్టు జాలీ మీద ఒరిగి, తర్వాతి కోతకి అడ్డం వస్తుంది. అదే షీటులో 7,483 చదరపు కి.మీ. భద్రాద్రి కొత్తగూడెం అరచేతిలో సగం ఉంటుంది. అందుకని మ్యాపుని రెట్టింపు చేసి నాలుగు షీట్ల మీద కోయండి, షీటు అంచు జిల్లా మధ్యలోంచి కాకుండా సరిహద్దు వెంట వచ్చేలా జిల్లాల్ని పంచుకోండి. 600 మి.మీ. ఎత్తులో హైదరాబాద్ 20 మి.మీ. వస్తుంది, వేళ్లతో పట్టుకోవచ్చు. కోసే వరుసలో ముందు పేర్లు చెక్కాలి, తర్వాత లోపలి సరిహద్దులు, చివర్లో రాష్ట్రం బయటి గీత. బయటి గీత ముందు తెగితే షీటు కదిలి లోపలివన్నీ పక్కకి పోతాయి.